కాలేయానికి కాపా, జబ్బుకు మేపా?

బ్లడ్ క్యాన్సర్ అని జనం పిలిచే లుకేమియా చికిత్సలో కాలేయానిది ఇరకాటపు స్థానం. మింగిన మందును పనికివచ్చే రూపంలోకి మార్చేదీ అదే, ఆ మార్పులో పుట్టే విషపు పాలును అందరికంటే ముందు భరించేదీ అదే. అందుచేత చికిత్స సాగే నెలల్లో రక్తపరీక్ష కాగితం మీద ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే రెండు అంకెలు పెరగడం అరుదు కాదు; కాలేయ కణం లోపల ఉండవలసిన ఎంజైములు, కణం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారితే, ఆ కారిన మోతాదును చెప్పే అంకెలవి. అంకె పెరిగిందని తెలిసిన సాయంత్రమే ఇంట్లో కాలేయానికి బలమిచ్చే టానిక్కుల మాట, పసరు మందుల మాట, ఎవరో బంధువు పంపిన క్యాప్సూళ్ల మాట మొదలవుతాయి. వీటినే ఇంగ్లీషు చదువుకున్నవారు సప్లిమెంట్లు అంటారు, అంటే తిండికి అదనంగా తీసుకునే విటమిన్లు, మూలికల సారాలు, అమైనో ఆమ్లాలు మొదలైనవి.

ఈ విషయమై ఏలూరును ఆనుకుని ఉన్న వట్లూరులో జరిగినట్టుగా కూర్చిన సంవాదం ఇది. మాట్లాడేవారిలో ఒకరు కొల్లేటి లంక గ్రామాల వారికి చిరకాలంగా మందిస్తున్న ఆయుర్వేద వైద్యుడు, మరొకరు ఫార్మసీ శాస్త్రం బోధించే అధ్యాపకురాలు. ఇద్దరూ ఈ ప్రాంతంలో వినబడే రెండు వాదాలకు పెట్టిన ముఖాలే గాని ఫలానా వ్యక్తులు కారు. వరస కలుపుకుని పిలుచుకోవడం ఇక్కడి అలవాటు గనుక ఆమె ఆయనను బాబాయిగారూ అంటుంది, ఆయన ఆమెను అమ్మాయీ అంటాడు.

వైద్యుడు: కాలేయాన్ని దెబ్బతీసే మందు ఏళ్ల తరబడి వాడక తప్పనప్పుడు కాలేయాన్ని కాచే మందు పక్కనే ఇవ్వడం ఇంగితం కాదా అమ్మాయీ? పొలంలో పురుగుమందు కొట్టే మనిషి ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఎవరూ తప్పు పట్టరు. నేల ఉసిరి వరి గట్ల మీద అడగకుండానే మొలుస్తుంది, గుంటగలగర కాలువ చెమ్మలో పెరుగుతుంది, కటుకరోహిణి ఏ మూలికల అంగడిలోనైనా దొరుకుతుంది. పచ్చకామెర్లకు వీటిని వాడిన అనుభవం తరతరాలది. ఇవే మూలికలు రంగు సీసాలకెక్కి తాడేపల్లిగూడెం మందుల షాపులో లివర్ టానిక్కులుగా అమ్ముడుపోతున్నప్పుడు లేని అభ్యంతరం, బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పుట్టుకొస్తోంది?

అధ్యాపకురాలు: ముక్కుకు కట్టిన గుడ్డ పురుగును కాపాడదు బాబాయిగారూ, అందుకే దానికి అభ్యంతరం లేదు. ఇక్కడ ఆ నమ్మకం లేదు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో మొదటి నెలల గట్టి కీమో అయ్యాక సుమారు రెండేళ్లపాటు మెయింటెనెన్స్ అనే దశ ఉంటుంది; అందులో రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికి ఒక్కరోజు మాత్రం మెథోట్రెక్సేట్ మాత్రలు మింగాలి. ఈ మెర్కాప్టోప్యూరిన్ మింగినప్పటికి మందు కాదు, ముడిసరుకు. దానికి శరీరంలో ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒక దారిన పోయినది థయోగ్వానిన్ న్యూక్లియోటైడ్లుగా మారి, లుకేమియా కణపు డీఎన్ఏలో దొంగ ఇటుకలా చేరి, దాన్ని కూలుస్తుంది. రెండో దారిలో టీపీఎంటీ అనే ఎంజైము దానికి మిథైల్ గుంపును తగిలిస్తుంది, అలా మిథైలు తగిలిన పదార్థాలు కాలేయంలో పేరుకున్నప్పుడే ఎస్‌జీపీటీ పైకి పోతుంది. పనిచేసే పాలూ, బాధించే పాలూ ఒకే ముడిసరుకు నుంచి, ఒకే పొయ్యి మీద తయారవుతున్నాయి. ఆ పొయ్యి మంటను పెంచినా తగ్గించినా వంట మొత్తం మారుతుంది గాని మాడిన ముక్క ఒక్కటే మారదు.

వైద్యుడు: అంటే అంకె పెరుగుతున్నా చేతులు కట్టుకుని కూర్చోమనడమేనా?

అధ్యాపకురాలు: అంకెను చదవడం నేర్చుకోమనడం. మెయింటెనెన్స్‌లో ఎస్‌జీపీటీ పెరగడం చాలాసార్లు పిల్లవాడు మాత్రలు నిజంగా మింగుతున్నాడనడానికి సాక్ష్యం. కోర్సు పూర్తయ్యాక సాధారణంగా దానంతట అది దిగివస్తుంది. అందుకే కొన్ని అంతర్జాతీయ చికిత్సా పద్ధతులు బిలిరుబిన్ మామూలుగా ఉన్నంతవరకు, ఎస్‌జీపీటీ ఉండవలసిన హద్దుకు 20 రెట్లు దాటితే తప్ప మందు ఆపవద్దంటాయి. బిలిరుబిన్ అంటే కళ్లకు పసుపు పట్టించే పదార్థం. అది పెరిగిందంటే కాలేయం కణాలు కోల్పోవడమే కాక పనిలోనూ వెనకబడిందని అర్థం, కనుక రెండు అంకెల్లో భయపడవలసినది ముఖ్యంగా దానికి. ఇంకో మాట. అమెరికాలో మెయింటెనెన్స్ పిల్లల మీద చేసిన పరిశీలనల్లో, మెర్కాప్టోప్యూరిన్ మోతాదుల్లో 95 శాతం కూడా మింగనివారిలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెండున్నర రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. కాలేయం మీద జాలితో వారానికి ఒక మాత్ర దాటవేసినా, ఏడింట ఒకటి పోయి 86 శాతం దగ్గర ఆగుతుంది.

ఇక్కడ వైద్యుడు ఊరుకోలేదు. ఆయన అంగడి మనిషే గాని చదవని మనిషి కాడు.

వైద్యుడు: సరే, పసరు మాట పక్కన పెట్టు. తెల్లవాళ్ల మూలికే చూద్దాం. మధ్యధరా సముద్ర తీరాల్లో పెరిగే మిల్క్ థిసిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి తీసే సిలిమారిన్ మన షాపుల్లో కూడా మాత్రలుగా దొరుకుతోంది. దాన్ని లుకేమియా పిల్లల మీదే పరీక్షించారు, కాలేయానికి మేలు చేసిందని 2010లో క్యాన్సర్ అనే పత్రికలో అచ్చయింది. ఇంకా ఏ రుజువు కావాలి?

అధ్యాపకురాలు: ఆ పరీక్ష గౌరవించదగినది, అందుకే దాన్ని చివరి వాక్యం దాకా చదవాలి. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎలీనా లాడాస్, కారా కెల్లీ మొదలైనవారు, కాలేయం ఇప్పటికే ఒక మోస్తరుగా దెబ్బతిన్న 50 మంది పిల్లల్ని తీసుకుని, కొందరికి మిల్క్ థిసిల్, కొందరికి అలాగే కనబడే ఉత్తుత్తి మందు 28 రోజులు ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చినవారికీ, మింగినవారికీ తెలియకుండా జాగ్రత్తపడ్డారు. 28వ రోజున రెండు వర్గాల సగటు ఎంజైముల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. 56వ రోజున, అంటే మూలిక ఆపిన నాలుగు వారాలకు, మిల్క్ థిసిల్ వర్గంలో ఎస్‌జీఓటీ తక్కువగా ఉంది. ఎస్‌జీపీటీ కూడా తగ్గుముఖం చూపింది గాని లెక్కల గీత దాటలేదు. కీమో మోతాదు తగ్గించవలసి వచ్చినవారు మిల్క్ థిసిల్ వర్గంలో 61 శాతం, ఉత్తుత్తి మందు వర్గంలో 72 శాతం. ఇంత చిన్న గుంపులో ఆ తేడా కాకతాళీయం కావచ్చునని వాళ్లే రాశారు. పరీక్షనాళికలో ఆ సారం కీమో మందు పనికి అడ్డురాలేదని కూడా చూపారు. ఇంతకూ అది ప్రాథమిక అధ్యయనమని పేరులోనే ఉంది. దారి ఉందని చెప్పే పరీక్ష అది. రోడ్డు వేశామని చెప్పలేదు.

వైద్యుడు: దారి ఉందని ఒప్పుకున్నావు, చాలు.

అధ్యాపకురాలు: ఒప్పుకోవడంలో నష్టం లేదు. అయితే ఆ పరీక్షలో వాడినది తూకం తెలిసిన సారం, పర్యవేక్షణలో ఇచ్చినది, ఆపవలసిన రోజు ముందే రాసిపెట్టుకున్నది. షాపులో దొరికే సీసా సంగతి వేరు. ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం సప్లిమెంటుగా అమ్మే ప్రతి సీసా మీదా ఇది వైద్య వినియోగానికి కాదని ఇంగ్లీషులో అచ్చువేయాలి. కళ్లద్దాలు పెట్టుకుని వెదికితే ఆ వాక్యం కనిపిస్తుంది; కాలేయపు బొమ్మ మాత్రం అద్దాలు లేకుండానే కనిపిస్తుంది.

వైద్యుడు కాసేపు ఆ ఎత్తిపొడుపును భరించి, వాదాన్ని సొంత ప్రాంతపు గడ్డ మీదికి లాక్కొచ్చాడు. ఇటువంటి చర్చ కొల్లేటి చుట్టుపక్కల ఎక్కడ జరిగినా ఈ పేరు రాకుండా ముగియదు, ముగియకూడదు కూడా.

వైద్యుడు: నీవు చెప్పే ఈ మెథోట్రెక్సేట్ ఎవరి చలవ? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం విరిగి, మనిషి నీరసించి పోయే జబ్బది. అదే జబ్బు తనకూ వచ్చినప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పి, 1922లో అమెరికా వెళ్లినవాడు ఆయన. మూలికను, విటమిన్‌ను చిన్నచూపు చూసే మందుల శాస్త్రానికి పునాది వేసినవాడు ఆయుర్వేదం చేత బతికినవాడేనన్నది మరచిపోతే ఎలా?

అధ్యాపకురాలు: మరవకూడదు. కానీ ఆయన కథను సగంలో ఆపకూడదు బాబాయిగారూ, ఎందుకంటే ఈ వివాదానికి సమాధానం రెండో సగంలోనే ఉంది. లెడర్లే కంపెనీలో సుబ్బారావుగారి బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆకుకూరల్లో, కాలేయంలో, ఈస్టులో ఉండే బి వర్గపు విటమిన్ అది. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారీకి ఈ విటమిన్ కావాలి. స్ప్రూ రోగుల రక్తం దానితో తిరిగి కళకళలాడింది. విరిగిన రక్తాన్ని నిలబెట్టిన విటమిన్, చెడిన రక్తాన్ని కూడా బాగుచేస్తుందేమోనన్న ఆశ ఆనాటివారికి కలగడంలో వింత లేదు. బోస్టన్‌లో పిల్లల వ్యాధుల శాస్త్రజ్ఞుడు సిడ్నీ ఫార్బర్ లెడర్లే పంపిన ఫోలిక్ ఆమ్లపు సమ్మేళనాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు, పరుగెత్తింది. ఎముక మజ్జలో లుకేమియా కణాలు మునుపటికంటే ఉధృతంగా పెరిగాయని ఆయన గమనించి, విటమిన్ జబ్బుకు మేత అయినప్పుడు ఆ మేతను దూరం చేస్తే ఏమవుతుందని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్నకు జవాబుగా సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లంలాగే కనబడుతూ దాని చోటును ఆక్రమించి పని చెడగొట్టే అమినోప్టెరిన్‌ను అందించింది. 1947 చివర్లో దాన్ని వాడి, 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో, జబ్బు ముదిరిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలంపాటు ఊరట కలిగింది. అప్పటిదాకా లుకేమియా పిల్లలకు ఊరట అన్న మాటే లేదు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కు తమ్ముడు. సుబ్బారావుగారు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

వైద్యుడు: కాబట్టి?

అధ్యాపకురాలు: కాబట్టి ఒకే భీమవరం మనిషి చేతిలో ఒకే విటమిన్ ఒక రోగికి ప్రాణం, మరొక రోగికి జబ్బుకు మేత అయింది. బలమిచ్చేది అన్న మాటకు ఇక్కడ ఒంటరి అర్థం లేదు. ఎవరికి బలం అన్నది వెంటనే అడగాలి. దీన్ని పుస్తకాల సంగతి అనుకోవద్దు. బడుల్లో 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకు వారానికొకటి ఇచ్చే గులాబి రంగు మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మామూలు పిల్లలకు అది మంచి పథకం. మెయింటెనెన్స్‌లో ఉన్న పిల్లవాడు ఒక రాత్రి ఫోలిక్ ఆమ్లానికి శత్రువైన మందు మింగి, పొద్దున బడిలో ఫోలిక్ ఆమ్లమే మింగుతాడు. పైగా పలుమార్లు రక్తం ఎక్కించుకున్న ఒంట్లో మిగులు ఇనుము చేరేది కాలేయంలోనే. ఆ ఒక్క మాత్రతో చికిత్స కూలిపోతుందని కాదు, చికిత్స చేసేవారికి తెలియకుండా అది జరగకూడదని. ఇంట్లో వండిన తోటకూర, పప్పు సంగతి వేరు, వాటిని మానిపించనక్కరలేదు.

వైద్యుడు: ఆగాగు. పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్ సెలైన్‌లో ఎక్కించిన తర్వాత ఆసుపత్రివాళ్లే ఆ విటమిన్ జాతి మందు ఇస్తారు కదా? లూకోవోరిన్ అనే ఇంజెక్షన్ అదే కదా? వాళ్లిస్తే వైద్యం, మేమిస్తే అపచారమా?

అధ్యాపకురాలు: మంచి ప్రశ్న. లూకోవోరిన్ ఫోలిక్ ఆమ్లానికి చురుకైన రూపమే. అయితే దాన్ని మెథోట్రెక్సేట్ మొదలెట్టిన తర్వాత 36వ గంటకో 42వ గంటకో, పద్ధతిని బట్టి ప్రారంభించి, రక్తంలో మెథోట్రెక్సేట్ ఎంత మిగిలిందో కొలుస్తూ, అది దిగినదాకా ఇస్తారు. ముందుగా ఇస్తే లుకేమియా కణం తప్పించుకుంటుంది, ఆలస్యంగా ఇస్తే పేగులూ, మజ్జా, మూత్రపిండాలూ బలవుతాయి. అక్కడ విరుగుడు పనిచేసేది విటమిన్ మంచితనం వల్ల కాదు, గడియారం వల్ల. సీసా మీద ఉదయం రెండు చెంచాలు, రాత్రి రెండు చెంచాలు అని రాసే టానిక్కుకు ఆ గడియారం ఎక్కడిది?

ఇంతవరకు వాదం అధ్యాపకురాలి వైపు మొగ్గినట్టు కనిపిస్తుంది. అయితే వైద్యుడి దగ్గర అంతకంటే బలమైన అస్త్రాలున్నాయి, వాటిని తేలికగా తీసుకునే ఫార్మసీ పండితులు తమ శాస్త్ర చరిత్ర తమకే సరిగా తెలియనివారు.

వైద్యుడు: వట్లూరులో ఏ పెరట్లో చూసినా బిళ్ళ గన్నేరు ఉంటుంది. లుకేమియా పిల్లలకు ఎక్కించే విన్‌క్రిస్టిన్ ఆ మొక్క సారమే. తీవ్ర ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రకానికి ఈనాడు ఇచ్చే ఆర్సెనిక్ మన పాషాణమే; చైనాలోని హార్బిన్‌లో వైద్యులు దాన్ని సంప్రదాయ వైద్యం నుంచి ఎత్తుకుని 1970ల నుంచి వాడి చూపారు. దానికి జోడీగా ఇచ్చే ట్రెటినోయిన్ విటమిన్ ఎ సంతతి. షాంఘైలో 1985లో వాంగ్ ఝెన్యీ ఒక ఐదేళ్ల పాపకు దాన్ని మొదట ఇచ్చాడు. ఒకప్పుడు గంటల్లో రక్తస్రావంతో చంపే ఆ జబ్బు ఇప్పుడు లుకేమియాలన్నిటిలో బాగా నయమయ్యేదిగా పేరు తెచ్చుకుంది. మొక్క, పాషాణం, విటమిన్, మూడూ గెలిచాయి. ఇవి కూడా జబ్బుకు మేతలేనా?

అధ్యాపకురాలు: గెలిచాయి, కాదనేవారు లేరు. కాని గెలిచినప్పటికి అవి పెరటి వస్తువులుగా మిగల్లేదు. బిళ్ళ గన్నేరు ఆకుల్లో విన్‌క్రిస్టిన్ పాలు ఎంత స్వల్పమంటే ఆకు కషాయం తాగినవాడికి ఆ మందు అందదు, అదే మొక్కలోని మిగతా క్షారాల విషం మాత్రం అందుతుంది. పాషాణాన్ని మిల్లీగ్రాముల లెక్కన, గుండె ఈసీజీ చూస్తూ ఎక్కిస్తారు. పైగా ఈ పాషాణమూ, ట్రెటినోయిన్ రెండూ కాలేయపు ఎంజైములను పెంచుతాయి! అప్పుడు ఆసుపత్రిలో చేసేది టానిక్కు పోయడం కాదు, ఆ మందునే కొన్నాళ్లు ఆపి లేదా తగ్గించి, అంకె దిగాక మళ్లీ మొదలెట్టడం. మూలికలు మందు కాలేవని ఇక్కడ ఎవరూ అనడం లేదు బాబాయిగారూ. నిజంగా మందులే గనుక, మందుకు వేసే ప్రశ్నలు వాటికీ వేయాలని అంటున్నది.

వైద్యుడు: వేయండి మరి. నేల ఉసిరికి వేశారు. మద్రాసులో త్యాగరాజన్‌గారు కామెర్ల వైరస్ హెపటైటిస్ బి ఒంట్లో ఉన్న 37 మందికి ఆ మొక్క పొడి ఇస్తే 22 మందిలో వైరస్ గుర్తు మాయమైందని, ఉత్తుత్తి మందు పొందిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగిందని 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వైరస్‌ను కనుగొన్న నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ పేరు కూడా ఆ వ్యాసంలో ఉంది.

అధ్యాపకురాలు: ఉంది, ఆ తర్వాత వేరే దేశాల్లో అదే పరీక్ష మళ్లీ చేస్తే ఆ ఫలితం నిలవలేదన్నదీ ఉంది. మొక్క తెచ్చిన నేల వేరా, కోసిన కాలం వేరా, జాతే వేరా అని ఈనాటికీ చర్చిస్తారు. నేల ఉసిరి అన్న ఒక్క పేరుతో గట్టు మీద రెండు మూడు ఫిలాంథస్ జాతులు కలిసి మొలుస్తాయి, వాటిని ఏరేవారికి అవన్నీ ఒకటే. ఇక తిప్పతీగ. కరోనా రోజుల్లో ఇంటింటా మరిగింది. దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు కలిసి, దాన్ని వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను 2022లో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఇటువంటి నివేదికలతో ఏకీభవించలేదు. ఎవరి పక్షం నిజమైనా, అసలే ఎస్‌జీపీటీ ఊగుతున్న పిల్లవాడి మీద ఆ తగువు తీర్చుకోకూడదు. పసుపు కూడా అంతే. కూరలో వేసే చిటికెడు కాదు, మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కువగా పట్టేలా చేసిన కుర్‌క్యుమిన్ క్యాప్సూళ్ల వల్ల కాలేయం వాచినవారి వివరాలు అమెరికా నుంచి వచ్చాయి. భస్మాలు కలిసిన మందుల మాట చెప్పనక్కరలేదు. బోస్టన్ అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో పద్నాలుగింటిలో సీసమో, పాదరసమో, పాషాణమో ఉన్నట్టు 2004లో తేల్చారు. 2020 డిసెంబరులో ఏలూరు వీధుల్లో వందలమంది మూర్ఛలతో పడిపోయినప్పుడు రక్తంలో సీసం, నికెల్ అన్న మాటలు వినని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. సీసం అంటే ఏమిటో ఈ ఊళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

పెద్దల లుకేమియా గురించి వీరిద్దరి మధ్య మాటలు కొద్దిగానే నడిచాయి. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు 2001 నుంచి వాడుకలో ఉన్న ఇమాటినిబ్ మాత్రను కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైము కరిగిస్తుంది. ఐరోపాలో దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక ఆ ఎంజైమును రెచ్చగొట్టి మందును రక్తంలో నిలవకుండా చేస్తుంది, గ్రేప్‌ఫ్రూట్ రసం ఎంజైమును అణచి మందును పేరుకునేలా చేయగలదు. గోదావరి లంకల్లో కాసే పంపరపనస గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టమని ఆమె అంటే, అది కూడా నిషేధమైతే ఇక మిగిలేది మంచినీళ్లేనని ఆయన నవ్వాడు. యౌవనంలో ఉన్నవారిలో, ముఖ్యంగా స్థూలకాయుల్లో, ఆస్పరాజినేజ్ అనే ఇంజెక్షన్ కాలేయంలో కొవ్వు పేర్చి కామెర్లు తెస్తుంది. కొవ్వును కణంలోని పొయ్యి అయిన మైటోకాండ్రియాకు మోసుకుపోయే కార్నిటైన్ అనే పదార్థం ఇస్తే అటువంటి కొందరు కోలుకున్నారని విడివిడి రోగుల కథలు వైద్య పత్రికల్లో వచ్చాయి, అమెరికాలో పిల్లల క్యాన్సర్ వైద్యుల బృందం దాన్ని ముందుగానే ఇస్తే ఆ కామెర్లు రాకుండా ఉంటాయా అన్నది పెద్ద పరీక్షగా చేపట్టింది. సప్లిమెంట్లన్నిటిలో ఇది ఎక్కువ ఆశ కలిగించేదని ఆమె ఒప్పుకుంది.

వైద్యుడు: ఇన్ని చెప్పావు గాని ఒకటి దాటవేశావు. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, విశాఖ హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రికో రైలెక్కి వెళ్లే తల్లి పసరు పోసిన మాట అక్కడ ఎందుకు చెప్పదు? చెబితే చీవాట్లు గనుక. చీవాట్లకు భయపడి దాచింది గనుక ఎస్‌జీపీటీ పెరిగితే కీమో వల్లనా, పసరు వల్లనా, ఎక్కించిన రక్తంతో వచ్చిన కామెర్ల వైరస్ వల్లనా, ఫంగస్‌కు ఇచ్చిన మందు వల్లనా అన్నది డాక్టరుకు తేలదు. తేలక కీమో తగ్గిస్తాడు. ఈ నష్టానికి మూలికను ఎంత తప్పుపట్టాలో ఆ చీవాట్లనూ అంతే తప్పుపట్టాలి.

దీనికి అధ్యాపకురాలి దగ్గర ఎదురు వాదం లేదు, ఉండకూడదు కూడా. నిషేధించడం సులువు, అడిగి రాసుకోవడం కష్టం. రద్దీ ఓపీలో ఆ కష్టం తల్లి మీదికి నెట్టబడుతుంది. ఈ ఒక్క మాటలో వైద్యుడిదే పైచేయి.

అధ్యాపకురాలు: నిజం. అయితే ఆ తల్లి చేతిలో ఏముందో కూడా చూడండి. బిస్కెట్ల డబ్బాలో రెండు అట్టలు. ఒకదానిలో 50 మిల్లీగ్రాముల మెర్కాప్టోప్యూరిన్, సగానికి బ్లేడుతో కోసి రోజూ వేసేది. రెండోదానిలో 2.5 మిల్లీగ్రాముల చిన్న పసుపుపచ్చ మెథోట్రెక్సేట్ మాత్రలు. ఒంటి వైశాల్యం 0.8 చదరపు మీటరు ఉన్న పిల్లవాడికి చదరపు మీటరుకు 20 మిల్లీగ్రాముల లెక్కన 16 రావాలి, ఆరు మాత్రలు వేస్తే 15 అవుతుంది, వారానికి ఒక్కసారే. పొరపాటున ఇది రోజూ వేస్తే ప్రాణాపాయం. ఇంత లెక్క నడుస్తున్న డబ్బాలోకి మూడో సీసా చేరితే, గందరగోళం కడుపులో మొదలవకముందే డబ్బాలో మొదలవుతుంది.

వైద్యుడు: పోనీ పథ్యం? అదైనా మా చేతిలో ఉంచుతారా?

అధ్యాపకురాలు: పథ్యం మీ చేతిలోనే ఉండాలి, కాని పాత కామెర్ల పథ్యం కాదు. నూనె మానిపించి, చేప మానిపించి, పప్పు మానిపించి, మజ్జిగన్నం మీద నెలలు గడిపే పథ్యం లుకేమియా పిల్లవాడిని ఎండగడుతుంది. ఎండిపోయిన ఒళ్లు కీమోకు తట్టుకోలేదు, ఆల్బుమిన్ అనే రక్తపు మాంసకృత్తును కాలేయం దేనితో తయారు చేయాలి? అమెరికాలో 103 మంది లుకేమియా పిల్లల తిండిని ఆరు నెలలు గమనించి, పళ్లు కూరల్లోంచి వచ్చే విటమిన్లు తక్కువగా తిన్నవారికి కీమో ఇబ్బందులు ఎక్కువగా వచ్చాయని 2004లో రాశారు. అది కంచంలోని తిండి లెక్క, సీసాలోని విటమిన్ లెక్క కాదు. కొల్లేటి ఊళ్లలో జ్వరం పడి లేచినవారికి పెట్టే కొరమేను పులుసు కంటే మంచి లివర్ టానిక్ ఏ షాపులో ఉంది? బాగా ఉడికించి వేడిగా పెట్టాలి, తెల్లకణాల కౌంట్ తగ్గిన రోజుల్లో పచ్చివి, నిలవవి పెట్టకూడదు. అంతే.

వైద్యుడు: కొరమేను దగ్గర రాజీ కుదిరింది కాబట్టి చివరి ప్రశ్న. మిల్క్ థిసిల్‌కు 50 మంది పిల్లలు, 28 రోజులు, తూకం తెలిసిన సారం దొరికాయి. వరి గట్టు మీద ఉచితంగా మొలిచే నేల ఉసిరికి ఆ 28 రోజులు ఎవరిస్తారు? పేటెంట్ రాదు గనుక ఏ కంపెనీ ఇవ్వదు.

అధ్యాపకురాలు: ఇవ్వదు. ఆ డబ్బు ప్రభుత్వానిదే కావాలి, ఆ పరీక్ష కీమో వార్డులో, కీమో వైద్యుల చేతుల మీదే జరగాలి. అంతవరకు అంగడికి వచ్చినవారిని అడిగే ప్రశ్న ఒకటి మార్చగలరా? కళ్లు పచ్చబడ్డాయా అని అడుగుతున్నారు. రోజూ రాత్రి బ్లేడుతో కోసి వేసే మాత్ర ఏదైనా ఉందా అని ముందుగా అడగండి.

వైద్యుడు: ఉందంటే?

అధ్యాపకురాలు: సీసా బదులు ఒక చీటీ ఇవ్వండి. ఇంతవరకు ఏ మూలిక, ఎంత, ఎన్ని రోజులు తాగారో మీ చేతిరాతతో అందులో ఉండాలి. ఆ చీటీ పిల్లవాడి ఫైలులో, మొన్నటి ఎస్‌జీపీటీ కాగితం వెనకే ఉండాలి.

ఆయన బల్ల సొరుగులోంచి మందు పొట్లాలు కట్టే కాగితాల కట్ట తీసి, పైకాగితం మీద మొదటి మాటగా తేదీ వేశాడు.